పూలవాసనకూ ఒక ట్రిబ్యునల్ కావాలి

కృష్ణా జలాల పంపకానికి ఈ దేశం ఇప్పటికి రెండు ట్రిబ్యునళ్లు వేసింది. 1953 నాటి ఆంధ్ర రాష్ట్ర చట్టం పుణ్యమా అని తుంగభద్రకు ప్రత్యేకంగా ఒక బోర్డు కూడా ఏర్పడింది. కానీ కర్నూలు నగరంలో రాత్రి ఎనిమిది దాటాక ఒక ఇంటి ఆవరణలో పుట్టి, ఆ ఇంటివారితో ఒక్కమాటైనా చెప్పకుండా ప్రహరీ దాటి పక్కింటికి తరలిపోతున్న రాత్రిరాణి పూలవాసన గురించి మాత్రం ఏ ప్రభుత్వమూ ఇంతవరకు ఒక్క జీవో ఇచ్చిన పాపాన పోలేదు. సుపరిపాలన గురించి ఉపన్యాసాలిచ్చే పెద్దలు దీనికి సమాధానం చెప్పి తీరాలి.

సమస్య చూడటానికి చిన్నది. చెట్టు నాది, వాసన ఇంకొకరిది. వేరు నా నీళ్లు తాగుతుంది, పువ్వు పక్కింటికి ఊడిగం చేస్తుంది. నీళ్లంటే కర్నూలులో మాటలు కావు. హంద్రీ వచ్చి తుంగభద్రలో కలిసే ఊళ్లో కాపురముంటూ, ఎండాకాలంలో ట్యాంకరు హారను కోసం చెవులు రిక్కించి కూర్చునే జనం మేము. నది మా గడప ముందునుంచే వెళ్లి ఎక్కడో పొలాలు తడుపుతుందన్న బాధ మాకు పుట్టుకతోనే వచ్చింది. ఇప్పుడు పెరట్లో మొక్క కూడా అదే పాఠం నేర్చుకుంటే ఎవరితో చెప్పుకోవాలి?

ఇంతకీ ఎవరీ రాణి అని ఆరా తీశాను. పుట్టిల్లు వెస్టిండీస్ వైపు. 1753లో లిన్నేయస్ దీనికి సెస్ట్రమ్ నాక్టర్నమ్ అని నామకరణం చేశాడు. నర్సరీలో నైట్ క్వీన్ అంటేనే ఇస్తారు. వాసన చూసి మల్లె, జాజి కుటుంబమని భ్రమపడేరు, వాటితో దీనికి ఏ చుట్టరికమూ లేదు. వంకాయ, మిరప, టమాటాల ఇంటి ఆడపడుచు ఇది. ఇక్కడే నా మనసు కలుక్కుమంటుంది. మా జిల్లాలోనే పత్తికొండ మార్కెట్లో టమాటా ధర కిలో రూపాయికి పడిపోయి, రైతులు పంటను రోడ్డు మీద పారబోసి ఇంటికి వెళ్లిన రోజులున్నాయి. అదే వంశంలో పుట్టి, కూరకు పనికిరాని, కొప్పులో తురుముకోలేని, దేవుడి పటం దాకా వెళ్లలేని, పైగా కాయ నోట్లో పెట్టుకుంటే విషమయ్యే ఈ మొక్కను మాత్రం డబ్బులు పోసి కొని రాణి అని పిలుచుకుంటాం. కడుపు నింపేదానికి రోడ్డు, గాలి నింపేదానికి సింహాసనం. టమాటా ఈ విషయంలో ఇంతవరకు హుందాగా మౌనం పాటిస్తోంది. దాన్ని బలహీనతగా భావించవద్దని మనవి.

రాణిగారి పోషణకు అయ్యే ఖర్చును ట్రిబ్యునల్ ముందు ఉంచడం నా బాధ్యత. మా వైపు ఇళ్లలో మట్టి కనబడటం ఒక అరుదైన ఘటన. ఆవరణంతా బేతంచెర్ల నాపరాళ్లు పరిచి, మే నెలలో వాటిమీద చెప్పుల్లేకుండా నడిచి పూర్వజన్మ పాపాలు కడుక్కుంటాం. కనుక మొక్కకు పెద్ద డ్రమ్మో సిమెంటు తొట్టో తప్పదు. అడుగున రంధ్రాలు ఉండాలి. ఉత్త నల్లరేగడి నింపితే నీరు ఇంకక వేరు కుళ్లుతుంది, అందుకని ఎర్రమట్టి, ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు కలపాలి. ఉదయపు ఎండ పుష్కలంగా తగలాలి, నలభై డిగ్రీలు దాటే మధ్యాహ్నాల్లో మాత్రం నీడ చూపించాలి. ఒక్కపూట నీళ్లు మరిచిపోతే ఆకులన్నీ ఒకేసారి వేలాడేసి వీధిలో పోయేవాళ్లకు నా నిర్లక్ష్యాన్ని చాటుతుంది. జాలిపడి యూరియా దట్టిస్తే అడవిలా ఆకు పెరుగుతుంది, పువ్వు మాత్రం కనబడదు. పూత అయిపోగానే కొమ్మలను నిర్దయగా కత్తిరించాలి. అప్పుడు వచ్చే కొత్త చిగుళ్ల మీదే మళ్లీ గుత్తులు వేస్తుంది. మెత్తగా చూసుకుంటే పూయదు, కత్తెర చూపిస్తే పూస్తుంది. రాణులకు ఈ లక్షణం ఉండటం ప్రజాస్వామ్యానికి శుభసూచకం.

సాయంత్రం ఆరు గంటలకు కొమ్మ చివరనున్న గుత్తిని దగ్గరగా చూడండి. వేలి కణుపు పొడవున్న సన్నటి గొట్టాలు, పాలిపోయిన ఆకుపచ్చ రంగులో మూతి బిగించుకుని ఉంటాయి. ముక్కు ఆనించినా ఏ వాసనా రాదు. చీకటి చిక్కబడ్డాక ఆ మూతులు అయిదు కొసలుగా చీలి విచ్చుకుంటాయి. అంతే, ఇంత పువ్వులో అంత వాసన ఎక్కడ దాగిందో తెలియదు, వీధి మలుపు దాకా కమ్ముకుంటుంది. తెల్లవారేసరికి మళ్లీ మూతి ముడిచి ఏమీ ఎరగనట్టు నిలబడతాయి. అంటే పగలు పోషణ, రాత్రి పంపిణీ. పోషించే నేను ఆ వేళకు గుర్రు పెట్టి నిద్రపోతుంటాను.

ఇక గాలి సంగతి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా పడమటి గాలి మీద వాసన మొత్తం తూర్పింటికి పారుతుంది. అది జలవనరుల శాఖలో పనిచేసి పదవీ విరమణ చేసిన ఒక ఇంజినీరు గారి ఇల్లు. ఆయన డాబా మీద మంచం వేసుకుని, దిగువ రాష్ట్రం హోదాలో, ఒక్క రూపాయి ఖర్చు లేకుండా మొత్తం నికర వాసనను వాడుకుంటారు. చలికాలంలో గాలి తిరగబడి పడమటింటి వైపు మళ్లుతుంది. వాళ్లేమో ఏడాది పొడుగునా కిటికీలు బిగించుకుని ఏసీ వేసుకునే రకం. మూసిన అద్దాల మీదుగా జారిపోయిన మిగులు వాసన ఏటా వృథాగా సముద్రం పాలవుతోంది. దీన్ని ఒడిసిపట్టి ఎత్తిపోతల ద్వారా మా పడకగదికి మళ్లించాలని నేను ఎప్పటినుంచో కోరుతున్నాను. టేబుల్ ఫ్యానుతో పైలట్ ప్రాజెక్టు కూడా చేపట్టాను. దోమలు వచ్చాయి.

దిగువవారి ధోరణి మరీ విచిత్రం. పూత పలచగా ఉన్న రాత్రి ఇంజినీరు గారు గోడ మీదుగా తొంగిచూసి, "ఏమండీ, ఈ మధ్య నీళ్లు సరిగా పోయడం లేదా?" అని హక్కుగా నిలదీస్తారు. అదే పూత విరగబడిన రాత్రి ఆయన తల్లిగారికి తలనొప్పి వస్తుంది. ఈ వాసన ఘాటుకు కొందరికి తల దిమ్మెక్కడం, ఆయాసం రావడం నిజమే, దాన్ని నేను కాదనడం లేదు. పడకగది కిటికీ పక్కన ఈ మొక్క పెట్టవద్దని తెలిసినవాళ్లు చెప్పేదీ అందుకే. నా అభ్యంతరం వైద్యపరమైనది కాదు, న్యాయపరమైనది. కరవు వస్తే వాటా కావాలి, వరద వస్తే నష్టపరిహారం కావాలి అంటే ఎలా? ఎగువన గుత్తులు విచ్చుకునే ముందు హెచ్చరిక ఇవ్వాలన్న ఆయన కోరిక మాత్రం సబబే. 2009 అక్టోబరు వరద చూసిన ఊరు ఇది, ముందస్తు హెచ్చరిక విలువ మాకు ఒకరు చెప్పాలా? కానీ ఒకసారి విచ్చుకున్న పువ్వుకు, డ్యాం గేటు తెగితే నీటికి అడ్డంగా దించినట్టు, స్టాప్‌లాగ్ వేసే ఇంజినీరు మాత్రం ఇంకా పుట్టలేదు.

మూడో పక్షం పాముల పక్షం. ఎదురింటి అవ్వ రోజూ నన్ను ఆపి, "నాయనా, ఈ చెట్టుకు పాములొస్తాయి, పీకేయి" అని చెబుతుంది. పాము పూలవాసనకు మురిసి రాదవ్వా, ఎలుకల కోసం, కప్పల కోసం, చల్లటి నీడ కోసం వస్తుంది అని నేను విన్నవించాను. అవ్వగారి ప్రహరీ పక్కన పాత కూలరు, విరిగిన మంచం, గోనెసంచుల గుట్ట ఉన్నాయి. వాటికింద ఎలుకలు తరతరాలుగా స్థిరపడ్డాయి. పాము వస్తే దాని ప్రయాణం ఎక్కడికో చెప్పనక్కరలేదు. అయినా నిందితురాలు మాత్రం నా రాణి. నిజానికి ఈ వాసన మీద ఎవరికైనా మొదటి హక్కు ఉంటే అది రాత్రిపూట తిరిగే రెక్కల పురుగులది. పరాగ సంపర్కం కోసం మొక్క పిలిచేది వాటిని. ఇంజినీరు గారూ, నేనూ, అవ్వా అందరం అక్రమ వాడకందారులమే. ఈ అంశాన్ని పురుగుల తరఫు న్యాయవాది లేవనెత్తే లోపు మనం ఒప్పందానికి రావడం మంచిది.

పూర్వ ఉదాహరణలు లేకపోలేదు. పారిజాతం కథ అందరికీ తెలిసిందే. చెట్టు సత్యభామ పెరట్లో, పూలు రుక్మిణి వాకిట్లో. తెలుగునేల మీద పాలకులు ఈ తీర్పును శిరసావహించినంతగా మరే తీర్పునూ శిరసావహించలేదు. శంకుస్థాపన శిల ఒకరికి, నీళ్లు ఇంకొకరికి. 1937లో మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారి ఇంట్లో కోస్తా, రాయలసీమ నేతల మధ్య కుదిరిన శ్రీబాగ్ ఒడంబడిక చెప్పిన న్యాయం ప్రకారం 1953లో రాజధాని కర్నూలుకు వచ్చింది, హైకోర్టు 1954లో గుంటూరుకు వెళ్లింది. 1956 వచ్చేసరికి రెండూ కలిసి హైదరాబాదుకు తరలిపోయాయి. మాకు రాజధాని నడిచిన గుడారాల జ్ఞాపకమూ, ఏ క్యాంపు, బి క్యాంపు, సి క్యాంపు అన్న పేర్లూ మిగిలాయి. ఇప్పుడు కర్నూలు రాజధానిగా ఏలుబడి సాగిస్తున్నది ఈ ఒక్క రాణి మాత్రమే, అదీ రాత్రి పూట.

కనుక నా ముసాయిదా ఇది. వాసనను కొలవడానికి ముక్కు-గంట అనే ప్రమాణం ఉండాలి. ఒక ముక్కు ఒక గంటసేపు పీల్చగలిగినంత. కర్నూలు-కడప (కేసీ) కాలువకు 39.9 టీఎంసీలు రాసిపెట్టినట్టే నా పడకగదికి 39.9 ముక్కు-గంటలు నికరంగా కేటాయించాలి. వాటిలో ఏటా ఎన్ని నిజంగా చేరతాయన్నది కేసీ రైతును అడిగితే చెబుతాడు, ఆ పాటి లోటుకు నేనూ సిద్ధమే. మొక్క ఎటూ విడతలు విడతలుగానే పూస్తుంది కాబట్టి మిగిలినవారికి వారబందీ, అంటే వంతులవారీ పంపకం, అమలు చేయవచ్చు. బోర్డు కార్యాలయం మాత్రం మొక్క ఉన్న వీధిలోనే పెట్టాలి. కృష్ణా బోర్డును కృష్ణా నది పారని విశాఖపట్నంలో పెడదామని ప్రతిపాదించిన కాలం చూశాం కనుక ఈ షరతును ముందుగానే రాయిస్తున్నాను. ఛైర్మన్ పదవికి అనుభవజ్ఞుడైన ఎగువ వాడకందారు కావాలి. పేర్లు నేను సూచించడం బాగుండదు.

ఈ ఉద్యమానికి అసలు ప్రమాదం బయటినుంచి కాదు, గుచ్చిన కొమ్మ బతికే వానాకాలం నుంచే ఉంది. మొన్న నేను కొమ్మలు కత్తిరిస్తుంటే ఇంజినీరు గారు గేటు దగ్గరికి వచ్చి, "సార్, పారేసే వాటిలో ఒక కొమ్మ ఇవ్వండి, మా అమ్మగారి గదికి దూరంగా వెనకవైపు నాటుకుంటాను" అన్నారు. నా గుండె ఝల్లుమంది. పెన్సిలంత లావు, జానెడు పొడవు ముదురు కొమ్మ. కింది ఆకులు తీసేసి, రెండు కణుపులు మట్టిలో ఉండేలా గుచ్చి, నీడలో పెట్టి తడి ఆరకుండా చూస్తే కొన్ని వారాల్లో వేరు పోసుకుంటుంది. తర్వాత ఎవరి మొక్క వారిది, ఎవరి వాసన వారిది. మరి నికర కేటాయింపులేమిటి, మిగులు వాసనేమిటి, బోర్డేమిటి, ఛైర్మనేమిటి? ఇంత చవకగా పరిష్కారమయ్యే దాన్ని వివాదమని ఎవరైనా గౌరవిస్తారా?

అందుకే విషయం విచారణలో ఉన్నందున కొమ్మల బదిలీ కుదరదని, కావాలంటే మూడు ప్రతుల్లో దరఖాస్తు చేసుకోమని చెప్పాను. ఆయనా శాఖలో తలపండిన మనిషే. ఏమాత్రం నొచ్చుకోలేదు. నాలుగో ప్రతి ఎవరికి పంపాలని మాత్రం అడిగారు.