తాతగారి తూటాల బెల్టుకు ఒక మనవి

మహారాజశ్రీ తూటాల బెల్టు గారి సముఖమునకు, మనవడు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అనాలనే ఉంది గానీ, నిన్న మిమ్మల్ని అటక మీంచి దించినప్పుడు నా తెల్లచొక్కాకు అంటిన ఎర్రపొడి చూశాక మీ కుశలం మీద నమ్మకం పోయింది.

అది తాతగారు తిరిగిన అడవి మట్టి అంటాడు మా బాబాయి. కాదు, మీరే. చెట్ల బెరడుతో పదును చేసిన పాత తోలు ఏళ్ల తరబడి గాలిలోని గంధకపు వాయువును పీల్చుకుంటే లోపల ఆమ్లం పుట్టి ఇలా పొడి రాలుతుంది. పోయిన బలం మళ్లీ రాదు. అయినా బాబాయి ఏటా మీకు నూనె పట్టిస్తాడు, మీరు నల్లబడి దుమ్ము పట్టించుకుంటారు. ప్రేమంటే అదేనట.

పంపకాలనాడు జోడుగొట్టాల తుపాకి పెదనాన్నకూ, కొమ్ముల జింక తల అత్తయ్యకూ పోగా, మీరు మా నాన్న వాటాకు వచ్చారు. తుపాకి మీద 12 అని చెక్కి ఉంది. అది తాతగారు కొట్టిన పులుల లెక్క అని పెదనాన్న చెబితే పిల్లలు నోరు తెరుస్తారు, అల్లుళ్లు తలలూపుతారు. ఒక పౌను సీసాన్ని, అంటే సుమారు 454 గ్రాములను, 12 సమానమైన గుండ్లుగా పోస్తే ఒక్కో గుండు ఎంత లావో గొట్టం లోపలి వెడల్పు అంత, దాదాపు 18.5 మిల్లీమీటర్లు, ఆ అంకెకు అర్థం అంతే. ఈ ముక్క చెప్పిన పాపానికి ఆ పూటంతా నాతో ఎవరూ మాట్లాడలేదు. అందుకే గొట్టం మీది అలల గీతలు పులి గోళ్ల గుర్తులు కావనీ, ఇనుమూ ఉక్కూ పట్టీలను మెలేసి అతికినప్పుడు పడ్డ గీతలనీ మీకొక్కరికే చెబుతున్నాను. అలాంటి గొట్టంలో ఇప్పటి పొగరాని మందు తూటా పెడితే అది పగిలి, పట్టుకున్నవాడి చెయ్యే వేట కావచ్చు.

అత్తయ్య సంగతి ఇంకా దారుణం. పాతకాలంలో చంపిన జంతువు తోలుకు పురుగు పట్టకుండా ఆర్సెనిక్ కలిపిన సబ్బు రాసేవారు. ఎన్ని దశాబ్దాలైనా ఆ విషం ఎక్కడికీ పోదు. ఆవిడ ఆ జింక తలను ఒట్టిచేత్తో నిమిరి, అదే చేత్తో మనవల బుగ్గలు నిమురుతుంది. వద్దత్తయ్యా అంటే, "నాన్నగారి గుర్తులో విషమేంట్రా!" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్నవాడే నయం. మూతి కడుక్కుంటే పోతుంది.

ఇక మీ దగ్గరికి వస్తాను. మీకున్న గూళ్లు 25. "పాతిక తూటాలు, పాతిక వేటలు!" అని మా ఇంట్లో ఎవరో ఒకరు అనని పండుగ లేదు. నిన్న చొక్కా ఎలాగూ పాడైంది కదా అని ఒక్కో గూటిలో టార్చి వేసి చూశాను. 21 గూళ్లలో ఆకుపచ్చ చిలుము. తోలులోని కొవ్వూ ఆమ్లాలూ తూటా అడుగున ఉండే ఇత్తడిని పట్టుకుంటే వచ్చే చిలుము అది. పొద్దున పెట్టుకుని సాయంత్రానికి పేల్చేస్తే రాదు, తూటా నెలలకు నెలలు కదలకుండా కూర్చుంటేనే వస్తుంది.

అంటే తాతగారు తూటాలను అడవికి షికారు తిప్పి భద్రంగా ఇంటికి తెచ్చేవారన్నమాట. వేట గురించి అడిగితే, "ఇవాళ బాగా నడిచాంరా" అనేవారు. ఆయన చెప్పింది నిజమే, మేమే పులుల్ని కలుపుకున్నాం.

విచిత్రమేమిటంటే, పాతిక వేటల బెల్టును ఎవరికైనా ఇచ్చేద్దామని ఎన్నోసార్లు అనుకున్నాను. ఈ చిలుము చూశాక మాత్రం మనసొప్పడం లేదు.

ఎల్లుండి పెదనాన్న వాళ్లింట్లో హాలులో, తుపాకి పక్కన మిమ్మల్ని వేలాడదీస్తారట. గూళ్ల నోళ్లలోకి ఎవరూ తొంగిచూడనంత ఎత్తులో మేకు కొట్టమంటాను. అక్కడ వేలాడినంతసేపూ దయచేసి పొడి రాల్చకండి.

ఇట్లు,
చొక్కా నానబెట్టుకుని కూర్చున్న
మీ మనవడు