38 అంగుళాలు

కసరత్తు మొదలెట్టిన మొదటిరోజు కొలతలు మా ఆవిడ చేతుల మీదుగా జరిగాయి. బరువు 82 కిలోలు, నడుము 38 అంగుళాలు. ఇంటి ఖర్చుల పుస్తకంలో కరెంటు బిల్లు కింద నా నడుము రాసుకుంది. రెండూ తగ్గితే చూడాలని ఉందట. టేపు చల్లగా పొట్టకి తగలగానే నేనేం చేశానన్నది తర్వాత చెబుతాను.

దండీలు, బస్కీలు, ఆపైన అరగంట వేగంగా నడక. మొదటిరోజు బాగానే గడిచింది. రెండోరోజు కూడా పర్వాలేదు. మూడోరోజు పొద్దున మాత్రం నా కాళ్లు నావి కావని తెలిసింది. మెట్లు ఎక్కడం ఎలాగో కానిచ్చాను గానీ, దిగడానికి గోడ పట్టుకుని పక్కకి తిరిగి ఎండ్రకాయలా రావాల్సి వచ్చింది. కుర్చీలో కూర్చోవడం అంటే నా వరకు ఒక నిర్ణయం కాదు, ఒక పతనం. అలవాటు లేని ఒళ్లు వంచితే నొప్పులు అప్పటికప్పుడు రావట, ఒకటి రెండు రోజులు ఆగి తీరిగ్గా వస్తాయట. అప్పులవాళ్ల పద్ధతే.

రెండు వారాలకి తూకం యంత్రం ఎక్కాను. 83 కిలోల 400 గ్రాములు.

దిగి మళ్లీ ఎక్కాను. గడియారం తీసేసి ఎక్కాను. యంత్రాన్ని పక్క బండ మీదికి జరిపి ఎక్కాను. మూడు బండల మీద మూడు బరువులు చూపించింది గానీ, ఒక్కటీ 83కి తగ్గలేదు. ఊరికే కూర్చుని తింటే 82, చెమటోడిస్తే ఇంకో కిలో నాలుగొందలు! ఇదెక్కడి న్యాయమండీ?

కానీ ఓటమి ఒప్పుకునే రకం కాదు నేను. "అదంతా కండ" అని ఆఫీసులో ప్రకటించాను. పక్క సీటాయన మర్యాదస్తుడు. నా ఛాతీ మీద వేలితో నొక్కి, "నిజమే సార్, రాయిలా ఉంది" అన్నాడు. ఆయన నొక్కింది జేబులో ఉన్న కళ్లజోడు పెట్టెని.

మా అమ్మాయి బయాలజీ చదువుతోంది. ఆ చదువు పరీక్షల్లో ఎంతవరకు పనికొస్తోందో తెలీదు గానీ నా గాలి తియ్యడానికి బాగా పనికొస్తోంది.

"రెండు వారాల్లో కిలోన్నర కండ ఎవరికీ రాదు నాన్నా. అది నీళ్లు."

"నీళ్లా?"

"వ్యాయామం మొదలెట్టగానే కండరాలు రేపటి పనికి గ్లైకోజెన్ అని కాస్త ఎక్కువ సరుకు దాచుకుంటాయి. ఒక్కో గ్రాముకి సుమారు మూడు గ్రాముల నీళ్లు పట్టి ఉంచుతాయి. నొప్పులు పుట్టిన చోట వాపు ఉంటుంది, అదీ నీళ్లే."

"అంటే నేను ఇన్నాళ్లూ దండీలు తీసి నీళ్ల ట్యాంకునయ్యానా?"

"అనుకో. కంగారుపడి మానేస్తే మాత్రం పాత కొవ్వు ట్యాంకువి అవుతావు."

ఈ పిల్లకి ఫీజు కట్టేది నేనే.

మరో నాలుగు వారాలు గడిచాయి. ఈలోగా శరీరంలో ఒక్కో భాగం ఒక్కో దారి పట్టింది. ప్యాంటు తొడల దగ్గర పట్టేసేది, నడుము దగ్గర జారేది. ఒకే ప్యాంటు ఒకే సమయంలో బిగుతుగానూ వదులుగానూ ఉండగలదని నేను ఇంతకుముందు ఎరగను. పుస్తకంలో మాత్రం నడుము 38 దగ్గరే ఉంది. ఆవిడ మొన్న మళ్లీ కొలిచింది, అదే అంకె. కరెంటు బిల్లన్నా ఒకనెల తగ్గింది.

నా అల్మారా అడుగున పదేళ్లనాటి గళ్లచొక్కా ఒకటుంది. పొట్ట దగ్గర గుండీ పట్టక మూలపడేసింది. అది పడితే గెలిచినట్టని మొదట్నుంచీ మనసులో పెట్టుకున్నాను. ఆ ఆదివారం దండీలు ముగించి, చెమట తుడుచుకుని, ఇంట్లో ఎవరూ లేని సమయం చూసి తీశాను. తొడిగాను. ముంజేతి గుండీలు కూడా పెట్టేశాను, పెడితే పూర్తిగా పెట్టాలి కదా. ఇక పొట్ట దగ్గరి గుండీ. పట్టింది! లాగకుండా, బతిమాలకుండా పట్టింది.

అద్దం ముందు అటూ ఇటూ తిరిగాను. భుజాలు మాత్రం పొంగి, కుట్లు కిర్రుమంటున్నాయి. కసరత్తు అవగానే కండల్లోకి నెత్తురు చేరి కాసేపు ఉబ్బుతాయట. ఆ కాసేపట్లోనే నేను చొక్కా విప్పబోయాను.

ముందు గుండీలన్నీ తీసి, భుజాల మీంచి వెనక్కి లాగాను. చొక్కా లోపలివైపు బయటికి తిరుగుతూ దిగి, మణికట్ల దగ్గర ఆగిపోయింది. ముంజేతి గుండీలు తియ్యడం మర్చిపోయాను. రెండు చేతులూ వీపు వెనక. గుండీలు చొక్కా మడతల లోపల. వేళ్లు ఆ గుండీల్ని అందుకోవాలంటే ముందు ఆ గుండీలు ఊడాలి. లాగితే భుజాల నొప్పి, వదిలితే సంకెళ్లు.

అప్పుడే ఫోను మోగింది. మా అమ్మాయి, వీడియో కాల్. వంగి ముక్కుతో నొక్కాను.

"నాన్నా, ఏంటి నీ ముక్కొక్కటే కనిపిస్తోంది?"

"చేతులు ఖాళీ లేవమ్మా" అన్నాను. అబద్ధం కాదు.

ఇంతలో మా ఆవిడ తలుపు తీసుకుని వచ్చింది. ఒక్క క్షణం గుమ్మంలోనే నిలబడి, ఇల్లంతా కలియజూసి, "ఏమండీ, ఎవరు కట్టేశారు? బీరువా బానే ఉందా?" అంది.

గుండీలు తీస్తుంటే పొట్టమీది గుండీ సంగతి చెప్పాను. నమ్మలేదు. టేపు తెచ్చింది. మళ్లీ 38. చొక్కా పట్టింది, అంకె కదల్లేదు. ముగ్గురం (అమ్మాయి ఇంకా ఫోనులోనే ఉంది) ఆలోచనలో పడ్డాం.

"అమ్మా, మొదట్రోజు ఎలా కొలిచావు?" అంది అమ్మాయి. "ఊపిరి మామూలుగా వదిలేశాక కొలవాలి. అడుగు పక్కటెముకకీ తుంటి ఎముక పై అంచుకీ సరిగ్గా మధ్యలో. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పద్ధతి అదీ."

మా ఆవిడ నావైపు తిరిగింది. నేను కిటికీవైపు తిరిగాను.

"ఆరోజు ఊపిరి బిగబట్టారు కదూ?"

"టేపు చల్లగా ఉందే."

"ఎంత లోపలికి లాగారు?"

"లాగగలిగినంత."

ఇంకేం మాట్లాడలేదు. ఖర్చుల పుస్తకం తీసి, ఆరు వారాల కిందటి 38ని అడ్డంగా కొట్టేసి, పక్కన పెద్ద అక్షరాలతో రాసింది: "దొంగలెక్క."