పాచికలు నటిస్తున్నాయి, దయచేసి వేచి ఉండండి

ముందుగా ఫోన్‌లో ఆడే హారర్ ఆటల పాచికలకు ఒక విన్నపం. మీరు అంతలా దొర్లనక్కర్లేదు. ఏం పడాలో నేను బటన్ మీద వేలు పెట్టినప్పుడే తేలిపోయింది. ప్రోగ్రాం లోపల ఒక అంకె పుట్టింది, దానికి తగ్గ గుర్తు ఖరారైంది, ఫలితం మెమరీలో కాలు మీద కాలేసుకుని కూర్చుంది. ఆ తర్వాత మీరు చేసేదంతా నాటకం. తెర మూలలోంచి పరిగెత్తుకు రావడం, ఒకదాన్నొకటి గుద్దుకుని కంగారుపడ్డట్టు ఎగరడం, అందులో ఒక మహానటి మాత్రం అంచు మీద నిలబడి పడనా వద్దా అని ఊగిసలాడటం, వెనక ఓ ఉరుము, ఎక్కడో ఎవరిదో కేక. ఇంతా చేసి మీరు చూపించేది పుర్రె. ఆ పుర్రె సంగతి ఫోన్‌కి ముందే తెలుసు. మీకూ తెలుసు. తెలియని వెర్రివాణ్ని నేనొక్కణ్నే.

శకుని పాచికలు చెప్పినమాట వినేవని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. ఆ శకుని కూడా పాచిక వేసి ఊరుకున్నాడు గాని ఉరుము పెట్టలేదు, స్లో మోషన్ పెట్టలేదు. కౌరవ సభలో అంతమంది పెద్దలు కూర్చున్నా, ‘ఫలితం లోడవుతోంది’ అని ఎవరినీ నిలబెట్టలేదు. మోసం చేసినవాడికే ఆ మాత్రం మర్యాద ఉంది.

నేను చెబుతున్నది కలిసికట్టుగా ఆడే హారర్ పాచికల ఆటల గురించి, వాటిని ఫోన్‌లోకీ ట్యాబ్‌లోకీ దించిన మహానుభావుల గురించి. ఆడేవాళ్లకు పరిచయం అక్కర్లేదు. మనమంతా ఒక జట్టు. ఎదురుగా నిద్రపోతున్న ఓ పురాతన పిశాచ దేవత. అది లేచేలోపు మనం పాచికలు వేసి తలుపులు మూయాలి. ‘ఎల్డర్ సైన్’నే తీసుకోండి. రిచర్డ్ లానియస్, కెవిన్ విల్సన్ కలిసి తయారుచేస్తే 2011లో వచ్చింది. ఆరు పచ్చ పాచికలు, ఒక పసుప్పచ్చది, ఒక ఎర్రది. వాటి మీద మామూలు పాచికల్లా ఒకటి నుంచి ఆరు దాకా అంకెలుండవు. భూతద్దం, చుట్టిన కాగితం, పుర్రె, ఆక్టోపస్ చేతుల్లాంటి టెంటకిల్స్ ఉంటాయి. కథ 1926లో, ఆర్కమ్ అనే లేని ఊళ్లో, ఒక మ్యూజియంలో. ఒకరి వంతు అయ్యాక గడియారం ముల్లు మూడు గంటలు జరుగుతుంది. నాలుగు వంతులకోసారి అర్ధరాత్రి. అర్ధరాత్రి అయితే కొత్త కార్డు, కొత్త చావు. ఇదీ లెక్క. బల్ల మీద ఇది పిచ్చి టెన్షన్‌గా ఉంటుంది. ఫోన్‌లో కూడా టెన్షనే, బ్యాటరీ గురించి.

సెట్టింగ్స్ మొత్తం గాలించాను. సంగీతం తగ్గించుకోవచ్చు. వైబ్రేషన్ ఆపేసుకోవచ్చు. డబ్బులిస్తే పాచికల రంగు మారుతుంది, ఇంకాస్త ఇస్తే రక్తం మరకలు కూడా వేసిపెడతారు. దొర్లుడు ఆపే బటన్ మాత్రం లేదు. వేశాం, కావాల్సింది పడలేదు. నియమం ప్రకారం ఒక పాచిక వదులుకుని మిగతావి మళ్లీ వేయాలి. మళ్లీ ఉరుము. పడలేదు. ఇంకోటి వదిలాం. మళ్లీ ఉరుము, మళ్లీ అదే కేక. చివరికి మిగిలిన ఒంటరి పాచిక కూడా ఆరింటికి సరిపడా డ్రామా ఒక్కతే మోస్తుంది. ఈపాటికి పిశాచ దేవతకు కూడా విసుగొచ్చి, లేచి వచ్చి ఆట ముగించేస్తే బాగుణ్ననిపిస్తుంది.

అన్నట్టు, జనం మాత్రం ఇంకెక్కడో తిడుతున్నారు. ‘ఈ యాప్ మోసం, నాకెప్పుడూ చెడ్డవే పడతాయి’ అని. నాయనా, ఆరు పచ్చ పాచికలు వేస్తే ఆరింటిలో ఒక్కదానికైనా టెంటకిల్ గుర్తు పడే అవకాశం 66.5 శాతం. అంటే మూడుసార్లలో ఒకసారి పడకపోవడం మామూలు. దానికి కుట్ర అక్కర్లేదు, లెక్క చాలు. ప్రోగ్రాముల్లో లాటరీ తీసినట్టు అంకెలు పుట్టించడానికి విరివిగా వాడే మెర్సెన్ ట్విస్టర్ అనే పద్ధతి ఒకటుంది, 1997లో ఇద్దరు జపాన్ గణితజ్ఞులు కనిపెట్టింది. అది పుట్టించే అంకెల వరస మళ్లీ మొదటికి రావాలంటే ఎన్ని అంకెలు దాటాలో రాయడానికే 6002 స్థానాలు కావాలి. అంత పొడుగాటి వరస మన మీద పగబట్టి, ఆటలో మన పాత్రైన సన్యాసిని చేతికి పుర్రె ఇవ్వడం కోసమే కాచుక్కూర్చుందని నమ్మేవాళ్లను ఏమనాలి? లోపలున్న అంకె నిజాయితీగానే ఉంది. దాని మీద వేసిన వేషమే దొంగది.

ఇక ‘పాస్ అండ్ ప్లే’. ఇది కనిపెట్టినవాడికి సన్మానం చేయాలి, ఒకే శాలువాను నలుగురి చేతులు మార్పించి.

నలుగురు కూర్చున్నారు. ఫోన్ ఒకటి. ఎవరి వంతు వస్తే వాళ్ల చేతిలో. మిగతా ముగ్గురికి కనిపించేది ఫోన్ వీపు.

“ఏం పడింది?”

“ఆగరా, ఇంకా దొర్లుతోంది.”

“ఇప్పుడు?”

“ఒకటి నిలబడింది. ఊగుతోంది.”

“ఎటు ఊగుతోంది?”

“పడింది. పుర్రె.”

“అయ్యో,” అంటారు ముగ్గురూ, ఫోన్ వెనకున్న కెమెరా వైపు చూస్తూ.

ఇలా కాదని ఫోన్ బల్ల మీద పెడతారు. ఎదురుగా ఉన్నవాడికి అక్షరాలన్నీ తలకిందులు. వాడు మెడ పక్కకు తిప్పి చదవబోతాడు, చాలదు. ఫోన్ తనవైపు తిప్పుకుంటాడు. తెర తానూ తిరిగి మళ్లీ తలకిందులవుతుంది. వాడు ఇటు, తెర అటు. ఆటో రొటేట్ ఆపమని ఒకడి సలహా. ఆపడానికి పైనుంచి వేలితో లాగితే ఆట బయటికి పోతుంది. తిరిగి లోపలికొస్తే కంపెనీ లోగో, దాని కింద ఇంకో కంపెనీ లోగో, ఆ తర్వాత కొవ్వొత్తి వెలుగుతున్న లోడింగ్ తెర. ఈలోగా పక్కవాడు తన ఫోన్ తీశాడు. వాణ్ని చూసి ఇంకొకడు. ప్రపంచ వినాశనానికి ఒకే ఒక్క అడుగు దూరంలో ఉన్నప్పుడు, అందరి ప్రాణాలూ తెర మీద దొర్లుతున్నప్పుడు, ఆ ఫోన్‌కే కాల్ వస్తుంది. లోన్ కావాలా సార్ అని. పిశాచాలతో పోరాడుతున్న డిటెక్టివ్, వద్దండీ అని మర్యాదగా చెప్పి పెట్టేస్తాడు. పాచికలు ఆగిపోయాయి. ఏం పడిందో ఎవరూ చూళ్లేదు. గడియారం ముల్లు మాత్రం జరిగిపోయింది.

“ఇప్పుడెవరి వంతు?”

ఎవరూ మాట్లాడరు. మిగతావాళ్లు ఎవరి ఫోన్లో వాళ్లున్నారు.

ఈ ఇబ్బందంతా గమనించిన తయారీదారులు చక్కటి పరిష్కారం కనిపెట్టారు. మనుషుల్ని తీసేశారు. నలుగురు పాత్రల్నీ మీరే ఆడుకోండి అన్నారు. సన్యాసినీ మీరే, గూండా మీరే, ఇంద్రజాలికుడూ మీరే, పురాతన భాషలు తెలిసిన ప్రొఫెసరూ మీరే. అర్ధరాత్రి మ్యూజియంలో మీకు మీరే సలహా ఇచ్చుకుంటారు, మీతో మీరే విభేదిస్తారు. గూండా పనికిమాలిన వంతు ఆడితే సన్యాసిని తరఫున మీరే వాణ్ని తిడతారు, వాడి తరఫున మీరే పడతారు. అట్ట మీద మాత్రం పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది, ‘సహకార ఆట’ అని.

నాకు ఒళ్లు మండేది ఇక్కడే. ఇకపై హాస్యం వెతక్కండి.

బల్ల మీద ఆడే ఎల్డర్ సైన్‌లో ఒక చిన్న నియమం ఉంది. మీరు వేసిన పాచికలు పనికిరాకపోతే, వాటిలో ఒక మంచి గుర్తును ఆపి ఉంచుకోవచ్చు. అదే గదిలో మీ స్నేహితుడి పాత్ర కూడా ఉంటే, ఇంకో పాచికను అతను తన దగ్గర ఆపి పెడతాడు. అంతే. నిజంగా చెయ్యి చాచి, మీ పాచికల్లోంచి ఒకటి జాగ్రత్తగా, గుర్తు తిరగబడకుండా రెండు వేళ్లతో ఎత్తి, తన ముందు పెట్టుకుంటాడు. ‘ఇది నేను చూసుకుంటా, నువ్వు మిగతావి వెయ్యి’ అన్నట్టు. అలా ఎత్తేటప్పుడు పొరపాటున అది దొర్లిపోతే మొదలయ్యే గొడవ ఉంది చూడండి, దాని ముందు ఏ పిశాచమూ పనికిరాదు. ఆట మొత్తంలో భయం అంటూ ఉంటే ఆ రెండు వేళ్ల మధ్యే ఉంది. ఎదుటివాడి ముందు ఓడిపోతానేమో, వాడు అదే గదిలో ఉండి సాయం చేసినా నా వల్ల పోతుందేమో అన్న భయం. నా చేతిలో నాలుగు బొమ్మలిచ్చి, ఒక బొమ్మ పాచికను ఇంకో బొమ్మ దగ్గర పెట్టించి, దానికి సాయం అని పేరు పెట్టే హక్కు మీకెవరిచ్చారు? ఎవరికి ఎవరు సాయం చేశారు? కోడ్ రాసేటప్పుడు ఆ గదిలో ఒక్కడంటే ఒక్కడికైనా ఈ అనుమానం రాలేదా? తీసేసిన మనుషుల చోట ఇంత ఉరుము, ఇంత కేక పెడితే సరిపోతుందనుకున్నారా? సిగ్గుండాలి.

సరే. మళ్లీ మర్యాదకు వద్దాం.

దేవతల వ్యాపారం గురించి రెండు ముక్కలు. పెట్టె కొంటే దేవతలు కూడా అందులోనే వస్తాయి. యాప్‌లో పేరున్న దేవతకు మాత్రం తాళం వేసి, పక్కన ధర రాసి ఉంటుంది. ప్రపంచాన్ని మింగడానికి వచ్చేదాన్ని మన సొంత డబ్బుతో పిలిపించుకోవాలన్నమాట. నమ్మకం ఉన్నవాళ్లు కొన్నారు, నేనూ కొన్నాను. అంతా బాగానే ఉంది.

తర్వాత 2017 సెప్టెంబరులో ఐఫోన్, ఐప్యాడ్‌లను నడిపే ఐఓఎస్ 11 వచ్చింది. 32 బిట్ల పాత పద్ధతిలో రాసిన యాప్‌లు ఇక తెరుచుకోవంది. తయారీదారులు కొత్త 64 బిట్ల పద్ధతికి మార్చి ఇచ్చినవి బతికాయి. లాభం లేదని వదిలేసినవి అలాగే పోయాయి, డబ్బిచ్చి కొన్న దేవతలతో సహా. ఈ దేవతలకు మూలమైన అమెరికన్ రచయిత లవ్‌క్రాఫ్ట్ కథల్లో నక్షత్రాలు సరైన చోట చేరేదాకా సముద్రం అడుగున యుగాల తరబడి ఓపికగా పడుకున్న క్తుల్హు అనే దేవతకు 64 బిట్లకు మారడం చేతకాలేదు. ఒక అప్‌డేట్‌తో పోయింది. పాచిక కూడా వేయలేదు.