బ్రేకులు విప్పుకునే హక్కు

ఈ దేశంలో కారు నడపాలంటే ముందు ఎల్‌ఎల్‌ఆర్ తీసుకోవాలి, ఆ తర్వాత ఆర్టీఓ ఆఫీసు ట్రాక్ మీద బండి తిప్పి చూపించాలి. అదే కారు బ్రేకులు ఊడదీయాలంటే ఏ కాగితమూ అక్కర్లేదు. ఒక ఆదివారం, ఒక పానాల సెట్టు, ఇంటావిడకు కాస్త ఓపిక ఉంటే చాలు. దీన్ని కొందరు నిర్లక్ష్యం అంటున్నారు. రాజ్యాంగంలో రాయడం మరిచిపోయిన ప్రాథమిక హక్కు ఇది అని నా అభిప్రాయం.

పాత కాంటెస్సా కారు ఉన్నవాళ్లకు ఈ హక్కు మరీ అవసరం. బ్రిటన్‌లో వాక్స్‌హాల్ వాళ్లు తయారుచేసిన విక్టర్ మోడల్ ఆధారంగా హిందుస్థాన్ మోటార్స్ 1984లో ఈ బండిని తెచ్చింది, 2002లో ఆపేసింది. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటితేనే బండి ‘వింటేజ్’. అంటే మొట్టమొదటి కాంటెస్సాకైనా ఆ గౌరవం దక్కేది 2034లో. అందాకా అది వారసత్వ సంపద కాదు, ఫిట్‌నెస్ చేయించి ఆర్సీ రెన్యువల్ చేయించుకోవాల్సిన పాత బండి. ప్రభుత్వం పట్టించుకోని బండిని యజమానే పట్టించుకోవాలి కదా. పట్టించుకోవడం అంటే పోర్టికోలో నిలబెట్టి విప్పడం.

ఇక విప్పే బూస్టర్ సంగతి. బ్రేకు మీద కాలి నొక్కుడుకు బలం చేర్చే భాగం అది. ఇంజన్ గాలి పీల్చేటప్పుడు ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో (గాలి లోపలికి పోయే దారిలో) పుట్టే వ్యాక్యూమ్‌ను గొట్టం పెట్టి ఒక గుండ్రటి రేకు డబ్బాకు కలుపుతారు. డబ్బా మధ్యలో డయాఫ్రం, అంటే అడ్డుగా ఉండే రబ్బరు పొర. బ్రేకు మీద కాలు వేయగానే ఒక పక్కకు బయటి గాలి వచ్చేస్తుంది, రెండో పక్క వ్యాక్యూమ్ అలాగే ఉంటుంది. గాలి ఒత్తిడికి డయాఫ్రం ముందుకు జరిగి, బ్రేక్ ఆయిల్‌ను పైపుల్లోకి నెట్టే మాస్టర్ సిలిండర్‌ను తోస్తుంది. ఎనిమిది అంగుళాల డయాఫ్రం అయితే ఆ తోపు రెండు వందల కిలోలు దాటుతుంది. ఈ ఏర్పాటును 1920ల్లో రూపొందించింది ఆల్బర్ట్ డెవాండ్ర్ అనే బెల్జియం ఇంజనీరు. లోపల ఏమీ లేకపోతేనే బయటి గాలి బాగా పనిచేస్తుందన్న సూత్రం మన రాజకీయాల్లో ఎప్పటినుంచో అమల్లో ఉంది, పేటెంట్ తీసుకోలేదంతే.

డయాఫ్రం చిరిగితే పెడల్ బిగుసుకుపోతుంది, కాలి దగ్గర బుస్సుమంటుంది, ఐడ్లింగ్‌లో ఇంజన్ తడబడుతుంది. సామాన్యుడైతే మెకానిక్ దగ్గరికి పోతాడు. క్లాసిక్ కారు యజమాని సామాన్యుడు కాడు. ఇప్పటి మెకానిక్‌లు స్కానర్ తగిలించనిదే బండి మొహం చూడరని, కార్బ్యురేటర్ బండికి స్కానర్ ఎక్కడ తగిలిస్తారని ఆయన వాదన. వాదనలో తప్పేమీ లేదు.

సామాను కోసం రాణిగంజ్ నుంచి విజయవాడ ఆటోనగర్ దాకా వెతుకులాట. ఎక్కడ అడిగినా ఒకటే మాట.

“కాంటెస్సాదా సార్? ఇప్పుడెక్కడ దొరుకుద్ది! ఇది వేరే బండిది, పడిపోద్ది. హోల్స్ కాస్త ఆకురాయి పట్టించుకుంటే చాలు.”

పడిపోయేది బూస్టరా, బండి యజమానా అని అడిగే తీరిక ఎవరికీ ఉండదు.

ఇక అసలు పని. బూస్టర్ ఉండేది బోనెట్ కింద, దాని నట్లు ఉండేది లోపల పెడల్ పైన. ఆ నట్లను అందుకోవాలంటే తల పెడల్ దగ్గర, నడుము సీటు అంచున, కాళ్లు డోర్ బయట ఉండాలి. నోట్లో టార్చి. చెయ్యి నట్టు దాకా పోతుంది గానీ పానా తిరగడానికి చోటుండదు. అప్పుడే పెడల్ పిన్నుకున్న స్ప్లిట్ పిన్ జారి కార్పెట్ కిందికి పోతుంది. అది దొరికేదాకా ఆ ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదు.

మాస్టర్‌ను పైపులతో సహా మెల్లగా ముందుకు జరిపి పక్కన పెట్టుకుంటే ఎయిర్ తీసే పనే, అంటే పైపుల్లో చేరిన గాలిని బయటికి పంపే పనే ఉండదని తెలిసినవాళ్లు చెబుతారు. ఆదివారపు ఇంజనీర్లు ఇంత సులువైన దారికి ఒప్పుకోరు. పైపులు విప్పేస్తారు. కారిన బ్రేక్ ఆయిల్‌ను వెంటనే నీళ్లతో కడక్కపోతే అది ఫెండర్ పెయింటు తినేస్తుంది. అలా పోతేనే అసలైన పాత బండి కళ వస్తుందట.

అందరూ మరిచిపోయేది పుష్ రాడ్. బూస్టర్‌కీ మాస్టర్‌కీ మధ్య ఆ రాడ్ దగ్గర మిల్లీమీటరు కూడా లేని సందు ఉండాలి. రాడ్ పొట్టిదైతే పెడల్ సగం దాకా ఊరికే దిగుతుంది. పొడవైతే ఇంకా ప్రమాదం. కాలు తీసినా ఆయిల్ పూర్తిగా వెనక్కి రాదు, బ్రేకులు పట్టే ఉంటాయి, కొంత దూరం పోయాక వేడెక్కి చక్రాలు బిగుసుకుంటాయి. వేరే బండి బూస్టర్ పెట్టినప్పుడు ఈ కొలత కలిస్తే అది దైవకృపే. కొలిచేవాళ్లు తక్కువ, దండం పెట్టేవాళ్లు ఎక్కువ.

తర్వాత ఎయిర్ తీసే కార్యక్రమం. ఇందులో ఇంటావిడను డ్రైవింగ్ సీట్లో కూర్చోబెడతారు. ఆ బండిలో ఆమెకు ఆ సీటు దక్కేది ఆ ఒక్క పూటే.

“తొక్కు... తొక్కు... తొక్కి పట్టుకో. వదలకు!”

“పట్టుకునే ఉన్నానండీ. లోపల కుక్కర్ కూత పెడుతోంది.”

“నేను చెప్పేదాకా వదలకన్నానా!”

“కూత ఆగలేదండీ.”

“వదిలేశావా? మళ్లీ గాలి లోపలికి పోయింది చూడు!”

వెనక చక్రం దగ్గర పడుకున్న మనిషికి పెడల్ మీదున్న కాలు కనపడదు, సీట్లో ఉన్న మనిషికి గాలి బయటికి వదిలే బ్లీడర్ నట్టు కనపడదు. అయినా తప్పు ఎవరిదో ఇద్దరికీ కచ్చితంగా తెలుసు.

చివరికి పరీక్ష. ఇంజన్ ఆపి, పెడల్ గట్టిపడేదాకా నాలుగైదుసార్లు తొక్కి, అలాగే నొక్కిపట్టి స్టార్ట్ చేయాలి. పెడల్ కొద్దిగా కిందికి దిగితే బూస్టర్ పనిచేస్తున్నట్టు. దిగగానే మన ఇంజనీరు గేటు తీయించి బండి రోడ్డెక్కిస్తాడు. రోడ్డెక్కించాక నొక్కినా ఆగకపోతే ఏమిటన్నదానికి మాత్రం ఆయన దగ్గర ప్రణాళిక ఏదీ ఉండదు.

కాబట్టి ప్రభుత్వానికి నా విన్నపం ఒక్కటే. ఈ హక్కును చట్టబద్ధం చేసి, ట్రయల్‌కు ఏ వీధిలో, ఎన్ని గంటలకు వస్తున్నారో ముందురోజే కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టాలని ఒక నిబంధన చేర్చండి. వీధి మూలమీద ఇడ్లీ బండి పెట్టుకునే ఆయన ఆ గ్రూపులో లేడు, ఆయన్ను ముందు యాడ్ చేయించండి.