తల ఎత్తి చూస్తే కదా పూలు కనబడేది

మార్చి వస్తే చాలు, అరిజోనా, కాలిఫోర్నియా ఎడారుల్లో పూలు విరగబూసిన ఫోటోలు వాట్సాప్ గ్రూపుల్లో వచ్చి పడతాయి. కిందనే మనవాళ్ల నిట్టూర్పు: "మన తిరపతిలో ఏముండాది, ఎండా దుమ్మూ తప్ప!"

ఈ మాటకే ఒళ్లు మండేది. అక్కడి పూలు నేలమీద పూస్తాయి. చలికాలానికి ముందో, మధ్యలోనో అంగుళం దాకా గట్టి వాన పడితే విత్తనం పైపొరలో మొలకను ఆపే పదార్థం కడుక్కుపోయి మొలుస్తాయి. పడకపోతే ఏళ్ల తరబడి మట్టిలోనే పడుంటాయి. మన శేషాచలం కొండల లెక్క వేరు. తుమ్మి లాంటి నేలపూలు వానల వెంటే వచ్చి పోతాయి. ఎండలు ముదిరే ముందు పూసేవి చెట్లు, అదీ ఆకు రాల్చేసి మరీ. ఆకు లేకపోతే నీటి ఖర్చు తగ్గుతుంది, పువ్వు దూరం నుంచే పిట్టకూ తేనెటీగకూ కనబడుతుంది, వానలు పడేలోపు విత్తనం నేలకు చేరుతుంది. మనమేమో కాళ్ల కింద పచ్చగడ్డి వెతుక్కుంటూ వసంతం లేదంటాం.

ఫిబ్రవరి, మార్చిలో తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు ఫోన్ పక్కన పెట్టి బండల మధ్య చూడండి. ఒక్క ఆకు లేని బూడిదరంగు కొమ్మ చివర అరచేతంత పసుపు పువ్వు కనబడితే అది కొండగోగు. పట్టుగుడ్డలా పలచటి ఐదు రేకులు, మధ్యలో కేసరాల కుచ్చు. మోదుగను వేరే చెప్పక్కర్లేదు. నల్లటి మఖమలు లాంటి తొడిమలోంచి ముక్కులా వంగిన నారింజ పువ్వు చూసే సంస్కృతంలో కింశుకం అన్నారు, చిలకా ఏమిటి అని. ఇక ఎర్రచందనం. దుంగలూ పోలీసులూ తప్ప దాని పువ్వు ఎవరికీ గుర్తు రాదు. పసుపురంగు చిన్న పూలు, ఎక్కువగా మార్చి, ఏప్రిల్లో పూస్తాయి.

చూడండి, కోయకండి. ఆ అడవిలో చాలా భాగం 1989 నుంచి జాతీయ ఉద్యానం, అక్కడ కొమ్మ విరవడం చట్టప్రకారం తప్పు. తిరుమలలో పువ్వు తలలో పెట్టుకోకూడదని ఇంటిల్లిపాదికీ తెలుసు, కొండ దిగగానే ఆ బుద్ధి ఎటు పోతుందో! సిగరెట్ పీక విసిరేవాళ్లకు ఒక మాట: 2014 మార్చిలో శేషాచలం తగలబడితే ఆర్పడానికి వైమానిక దళం హెలికాప్టర్లు రావాల్సొచ్చింది.

ఇంటి సంగతికొస్తే, కొత్త ఇళ్ల ముందు లాన్ ఒకటి తయారైంది. ఎండాకాలంలో చదరపు మీటరుకు రోజూ ఐదారు లీటర్ల నీళ్లు తాగుతుంది, ట్యాంకర్ మనం కొనాలి. లేదంటే కోనోకార్పస్ చెట్ల వరస. అది పూసిందో లేదో పూసిన చెట్టుకే తెలియాలి. ఆ జాగాలో తంగేడు వేయండి.

ఎండిన కాయల గింజలు తీసుకోండి. పైపొర గట్టిది, ఉత్తినే నాటితే నూటికి పదో పరకో మొలుస్తాయి. నీళ్లు మరిగించి పొయ్యి ఆపి, రెండు మూడు నిమిషాలు ఆగి గింజలు వేసి రాత్రంతా వదిలేయండి. పొయ్యి మీదే ఉడికిస్తే చచ్చిపోతాయి. పొద్దునకి ఉబ్బినవి నాటండి, ఉబ్బనివాటికి మళ్లీ అదే వైద్యం. సెప్టెంబరు చివర అడుగు లోతున మట్టి గుల్ల చేసి, అర అంగుళం లోతులో, ఉండబోయే చోటే పెట్టండి. అక్టోబరు, నవంబరు తుపాను వానలు మిగతాది చూసుకుంటాయి. కవర్లో పెంచి ఆలస్యంగా మారిస్తే తల్లివేరు తెగి మొక్క వాడిపోతుంది. మొదటి ఎండాకాలం వారానికి ఒక బకెట్ చాలు. ప్రేమ కొద్దీ రోజూ పోస్తే వేరు కుళ్లుతుంది. ఆకులు పచ్చ పురుగులు కొరికేస్తున్నాయని మందు కొట్టకండి, అవే తర్వాత పసుప్పచ్చ సీతాకోకచిలుకలు.

రేల గింజలకూ ఇదే పద్ధతి, కాకపోతే వేడినీళ్ల బదులు శాండ్ పేపర్ మీద ఒక పక్క రుద్ది, మామూలు నీళ్లలో నానబెట్టాలి.

ఇక వేపపువ్వు. ఉగాది ముందు రోజు ఆటోల నిండా కొమ్మలు నరికి తెచ్చే పని ఎందుకో అర్థం కాదు. పచ్చడికి కావలసింది గుప్పెడు! ముందు రోజు సాయంత్రం చెట్టు కింద పాత పంచె పరిస్తే తెల్లారేసరికి రాలినది చాలు. రోడ్డు పక్క చెట్టయితే వద్దు, దుమ్మే పండగ చేస్తుంది. మిగిలిన పువ్వు పుల్లలు ఏరి, పలచగా పరిచి రెండు మూడు రోజులు ఆరబెట్టండి. మందంగా పోస్తే నల్లబడి బూజు పడుతుంది. వేళ్ల మధ్య నలిపితే పొడి కావాలి, అప్పుడే సీసాకెత్తాలి.

చారుకు నలుగురికి రెండు చెంచాల ఎండు పువ్వు. నిమ్మకాయంత చింతపండు పులుసు, ఉప్పు, చిన్న బెల్లం ముక్క వేసి మరిగించి దించండి. నేతిలో ఆవాలు, రెండు ఎండుమిరపకాయలు, చివర పువ్వు వేసి, సన్నని సెగ మీద కాఫీ రంగు రాగానే చారులో కలపండి. ఇంకొంచెం ఆగితే మాడు. పువ్వు పడ్డాక మళ్లీ మరిగించారో, చేదంతా నీళ్లలోకి దిగి పిల్లలు గిన్నె పక్కకు నెట్టేస్తారు.