ఆ మ్యాచ్ చూసినవాళ్లకు ధ్రువపత్రాలివ్వాలి

గుంటూరులో ఒక రకం జనాభా ఉంది. ఏ రిజిస్టరుకీ అందదు. అందులోంచి ఏటా కొందరు పోతూనే ఉంటారు, లెక్క మాత్రం పెరుగుతూనే ఉంటుంది. డెబ్బయ్యో దశకంలో మా ఊరి కాలేజీ గ్రౌండులో జరిగిన ఒకానొక ఫుట్‌బాల్ మ్యాచ్‌ని కళ్లారా చూసినవారి జనాభా అది.

ఆ గ్రౌండు నాకు తెలుసు. మూడు వైపులా ప్రహరీ, నాలుగో వైపు నిద్రగన్నేరు చెట్లు. ఎంత కుక్కినా రెండు వేల మందికి మించి పట్టరు. అయినా మొన్న అరండల్‌పేటలో ఒక పెళ్లి భోజనంలో మా బంతిలో కూర్చున్నవాళ్లే పదకొండు మంది ఆ మ్యాచ్ చూసినవాళ్లు తేలారు. ఆ రోజు గ్రౌండులో ఉన్న బంతిని ఎందరు చూశారన్నది వేరే విషయం. పప్పు మీద నెయ్యి పడే లోపల గోలు పడింది. పెరుగు వచ్చేసరికి ఇంకో రెండు పడ్డాయి.

ఇది నవ్వి ఊరుకునే సంగతి కాదు. ఇలాగే వదిలేస్తే ఇంకో పదేళ్లలో ఆ రోజు గుంటూరు మొత్తం ఆ గ్రౌండులోనే ఉందని తేలుతుంది. అప్పుడు మిర్చి యార్డులో కాటా వేసినవాళ్లెవరు, బ్రాడీపేటలో ట్యూషన్లు చెప్పినవాళ్లెవరు అన్న ప్రశ్నకు మన దగ్గర జవాబుండదు.

ఓడిన ఆటలకు ఈ బెడద లేదు, గమనించారో లేదో. 2002 నవంబర్ 24న విజయవాడ ఇందిరాగాంధీ స్టేడియంలో వెస్టిండీస్‌తో వన్డే జరిగింది. శామ్యూల్స్ సెంచరీ కొట్టాడు, మనం 135 పరుగుల తేడాతో ఓడాం. ఆ రోజు టిక్కెట్ల కోసం బెజవాడంతా ఒకటే తొక్కిసలాట. ఇప్పుడు అడిగి చూడండి, ఎవరూ వెళ్లలేదు. అందరికీ ఆ రోజే ఏదో పెళ్లి ఉంది.

అసలు ఫుట్‌బాల్ గురించి గొప్పలు చెప్పుకోవడానికి తెలుగువాడికి అబద్ధంతో పనే లేదు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి వరసగా ఐదేళ్లు బొంబాయి ఫుట్‌బాల్ టోర్నీ రోవర్స్ కప్ ఎత్తుకొచ్చింది. ఆ జట్టును తయారుచేసిన రహీం సాహెబ్ బడిపంతులుగా పనిచేసిన మనిషి. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆయన చేతికింద ఇండియా నాలుగో స్థానంలో నిలిచింది. 1962లో జకార్తా ఏషియన్ గేమ్స్‌లో బంగారు పతకం గెలిచింది. మరుసటి ఏడాది జూన్‌లో ఆయన క్యాన్సర్‌తో పోయారు. ఆ రెండు చోట్లా ఆడిన తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ కుర్రాడు. ఈ పేర్లు నేను రోజూ పొద్దున బ్రహ్మానందరెడ్డి స్టేడియంలో నడిచేవాళ్ల దగ్గర ఎత్తి చూశాను. "ఆఁ, ఆఁ" అని ఇంకో రౌండుకి వెళ్లిపోయారు. మన కాలేజీ గ్రౌండు మ్యాచ్ అనగానే మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కూడా ఆగి, గాల్లోకి కాలు విసిరి చూపించారు.

ఒక్క రైల్వే రిటైర్డ్ పెద్దాయన మాత్రం జకార్తా ఫైనల్ తాను చూశానన్నారు. దక్షిణ కొరియా మీద రెండు ఒకటి. తలకు కుట్లు పడ్డ డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ఫార్వర్డ్‌గా దింపితే గోలు కొట్టిన ఆట అది. "ఆ కట్టు మీద రక్తం మరక నాకింకా కళ్లముందే ఉందండీ" అన్నారు. ఎక్కడ చూశారని అడిగితే రేడియోలో అన్నారు. ఆయన వయసుకు గౌరవమిచ్చి నేను ఇంకేమీ అడగలేదు.

మళ్లీ మా మ్యాచ్‌కి వద్దాం. గోలు కుడికాలితో పడిందని లెక్చరర్ గారు, తలతో పడిందని మిర్చి కమీషన్ కొట్టు ఆయన. అది ఉప్పెన వచ్చిన 1977కి ముందా వెనకా అన్నది కూడా తేలలేదు. ఇంత గొడవకి మూలకారణం ఒకటే. ఆ రోజుల్లో మా గోలుపోస్టులకు వల ఉండేది కాదు. బంతి లోపలినుంచి పోయిందో, పక్కనుంచి పోయిందో ఎవరి నోటికి బలముంటే వాళ్లు చెప్పిందే. తోలు బంతికి తాడు కుట్టు ఉండేది, వానకు తడిస్తే గుమ్మడికాయంత బరువు. సున్నంతో గీసిన గీతలు హాఫ్‌టైముకల్లా ఆటగాళ్ల మోకాళ్లకు అంటుకుపోయేవి. అంటే సాక్ష్యాలన్నీ అప్పుడే చెరిగిపోయాయి.

నా సంగతి కూడా చెప్పాలి కదా. నేను నిద్రగన్నేరు చెట్టెక్కాను. మంచి కొమ్మ. సరిగ్గా ఆట రసపట్టులో ఉండగా గండుచీమలు లాగులోకి దూరాయి. నేను దిగుతుండగా వెనకనుంచి ఊరు దద్దరిల్లేలా కేక వినబడింది. గోలు! నేను చూసింది మాత్రం చెట్టు బెరడు. నలభై ఏళ్లుగా ఆ గోలు ఎడమకాలితో పడిందని చెబుతున్నాను. ఎడమకాలని ఎందుకన్నానంటే, అప్పటికి కుడికాలు, తల వేరేవాళ్లు తీసేసుకున్నారు.

అందుకే మీసేవలో ప్రత్యక్ష సాక్షి ధ్రువపత్రం ఇవ్వాలని నా ప్రతిపాదన. దానికో చిన్న పరీక్ష. హాఫ్‌టైములో గోలీసోడా పది పైసలా, పదిహేనా? ఎండ ఏ గోలుపోస్టు కళ్లల్లో కొట్టేది? ఉడకబెట్టిన వేరుశనక్కాయల ముసలమ్మ ఏ గేటు దగ్గర కూర్చునేది? మూడింట్లో రెండు చెబితే పాస్. ఆట గురించి ప్రశ్నలుండవు, దానివల్ల తగాదాలొస్తాయి.

వాకర్లందరూ ఒప్పుకున్నారు. లెక్చరర్ గారు అక్కడికక్కడే పరీక్ష పెట్టారు. అందరూ పాసయ్యారు. రైల్వే ఆయనకు మూడుకి మూడు. ఆ మ్యాచ్ నాటికి ఆయన ఉద్యోగం ఖరగ్‌పూర్‌లో.

చివర్న బెంచీ మీద ఒకాయన మిగిలారు. రోజూ వస్తారు, ఎవరితోనూ మాట్లాడరు. మీరూ రాయండి మాస్టారూ అన్నాం.

"ఆ రోజు గోలే పడలేదండీ. సున్నా సున్నా" అన్నారాయన.

మీకెలా తెలుసన్నాం.

"గోల్‌కీపర్ని నేనే. చెట్ల వైపు పోస్టులో నిలబడ్డాను. ఆ కేక గేదెకి. ఎవరిదో తాడు తెంచుకుని గ్రౌండులోకొచ్చింది. ఆ రోజు నన్ను దాటి పోస్టుల మధ్యనుంచి పోయింది అదొక్కటే."

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. కమీషన్ కొట్టు ఆయన గొంతు సవరించుకుని, సోడా ఎంతో చెప్పండన్నారు.

"తెలీదండీ. మాకు నిమ్మకాయ ముక్కలిచ్చేవాళ్లు."

శనక్కాయల ముసలమ్మ ఏ గేటు దగ్గర?

"చూడలేదండీ. ఆట మీద ఉన్నాను."

మూడింట్లో రెండు పోయాయి. దరఖాస్తు తిరస్కరించాం.