పూడికను ఎప్పుడు కొలిచారు?

ఏటా వేసవిలో హైదరాబాద్ నాలాల్లో పొక్లెయిన్లు దిగుతాయి. తొలి వానకే కాలనీ మునిగితే తప్పంతా వాన మీదికి పోతుంది. తీసిన పూడికను ఎవరు, ఏ రోజు కొలిచారన్న ప్రశ్న మాత్రం ఎవరి నోటా రాదు.

ఈ పనికి డబ్బు ఘనపు మీటర్ల లెక్కన ఇస్తారు. మూడు మీటర్ల వెడల్పు, 500 మీటర్ల పొడవున్న నాలాలో 30 సెంటీమీటర్ల పూడిక తీస్తే 450 ఘనపు మీటర్లు. టిప్పర్‌కు ఐదు చొప్పున 90 ట్రిప్పులు. పనికి ముందు తీసిన లెవెల్‌ను, అంటే నాలా అడుగు ఎత్తు కొలతను, 15 సెంటీమీటర్లు పెంచి రాస్తే చాలు, పార ముట్టకుండానే మరో 225 ఘనపు మీటర్లు పుట్టుకొస్తాయి. సిమెంట్ రోడ్డయితే కోర్ (రంధ్రం చేసి తీసే ముక్క) తీసి మందం చూడొచ్చు. నాలాలో ఒక్క వరద పారాక ఆడిటర్‌కు మిగిలేది కాగితమే. అందుకే ఈ పద్దు అందరికీ ముద్దు.

కాగితం మీద కాపలాకు కొదవ లేదు. అసిస్టెంట్ ఇంజినీర్ (ఏఈ) కొలతల పుస్తకం ఎంబీలో కొలతలు ఎక్కించాలి, ఆపై అధికారి డిప్యూటీ ఈఈ (డీఈ) సరిచూడాలి, ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్ (ఈఈ) పరిశీలించాలి. ఎంబీ నాలా గట్టున కాక బిల్లు పెట్టేరోజు ఆఫీసు బల్ల మీద నిండితే ఆ మూడు సంతకాలూ ఒకే అబద్ధానికి సాక్ష్యం.

లారీని తూచిన కాటా చీటీలు ఉన్నాయిగా అంటారు. తడి బురదను తూస్తే నీళ్లకూ డబ్బిచ్చినట్టే. ఆరబెట్టాలని గట్టున పోస్తే అది అక్కడే ఉండి, వానకు మళ్లీ నాలాలోకి జారుతుంది. వచ్చే ఏడు దానికే ఇంకో బిల్లు! కాబట్టి ఎత్తివేతకు గడువు ఉండాలి. ట్రిప్పు షీటు, డంపింగ్ యార్డు చీటీ, ఎంబీ మూడూ కలిస్తేనే బిల్లు పాస్ కావాలి. ముందు, తర్వాత లెవెల్స్ కాలనీ సంఘం ప్రతినిధి ఎదుటే తీసి, చెల్లింపుకు ముందే వెబ్‌సైట్‌లో పెట్టాలి.

ఇక గ్యారంటీలు. కాంట్రాక్టర్ అంచనాకన్నా 25 శాతం మించి లెస్ కోట్ చేస్తే, అంటే తక్కువకు టెండర్ వేస్తే, ఆ మించిన తేడాకు బ్యాంక్ గ్యారంటీ గానీ డీడీ గానీ తీసుకోవాలని 2003 నాటి జీవో 94 చెప్పింది. ఫైలు ఇంజినీరింగ్ సెక్షన్‌లో, గ్యారంటీ అకౌంట్స్ బీరువాలో ఉంటే పని గడువు పెరిగినప్పుడు గ్యారంటీ గడువు పెంచాలని గుర్తుచేసేవారుండరు. అది చెల్లిపోయాక కాంట్రాక్టర్ చేతులెత్తేస్తే జప్తు చేయడానికి ఏమీ మిగలదు. గడువు తేదీలతో ఒక రిజిస్టర్, నెల ముందు బ్యాంకుకు ఒక లేఖ: ఖర్చు తపాలా బిళ్లంత. టెండర్ నోటీసులు వేసవికి ముందే వెళ్తాయి కనుక ఈ షరతులన్నీ ఈసారి అగ్రిమెంట్‌లోనే ఎక్కించాలి.